మిసెస్ క్రౌలీకి క్షమాపణ

పోయినవారం లెమ్ హాగర్టీని స్టూడియో గేటు బయట, దుమ్ములో, నోరు తెరుచుకుని నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే వదిలేశాం. పాపం, ఇంకేం చేస్తాడు. నాలుగేళ్లుగా దేశం దేశమంతా పొట్ట పట్టుకుని నవ్విన మిస్టర్ బటన్ ఇతనే. పళ్లెమంత బొత్తాం ఒక్కటే ఉన్న పొడుగు కోటు, రెండు పెదాలనూ మింగేసిన పొదలాంటి మీసం, కాలుజారి వెల్లకిలా పడుతూ ఎడమచెయ్యి జెండాలా పైకెత్తడం. ఇదీ మిస్టర్ బటన్ అంటే. అలాంటివాడు మీసం లేకుండా గేటు దగ్గరికొస్తే కొత్త కావలివాడు కర్ర అడ్డంపెట్టి, "మిస్టర్ బటన్ లోపలికెళ్లి గంటయింది, నువ్వెవరు?" అన్నాడు.

ఈ గతి ఎందుకు పట్టిందో మరిచిపోయినవాళ్లకు రెండు ముక్కలు. ఒల్లీ బర్క్ అనేవాడు సినిమాల్లో పడేవాడు. సినిమాలు తీసే మా ఎడెన్‌డేల్‌లో పడటమూ ఒక కూలిపనే. అట్టగోడ మీద పడుతుందని చెప్పి ఇటుకల గోడ పడేశారు. అట్ట ఎండకి తెల్లగా మెరుస్తుంది, ఇటుకైతే ఇటుకలా కనిపిస్తుంది అని యజమాని క్రెట్జర్‌కు తోచింది. ఆ సంగతి ఒల్లీకి చెప్పాలని మాత్రం తోచలేదు. తుంటి విరిగింది. ఒల్లీ మళ్లీ నడిచేదాకా ఆసుపత్రి ఖర్చు కంపెనీ పెట్టుకోవాలన్నాడు లెమ్. అందుకు ఒప్పుకునేదాకా బొత్తాం తగిలించుకోనన్నాడు. క్రెట్జర్ సరే అన్నాడు. బొత్తాం తీసుకెళ్లి ఇంకొకడికి తగిలించాడు.

మర్నాడు పొద్దున లెమ్ రోజుకూలీ ఎక్స్‌ట్రాల వరసలో నిలబడ్డాడు. టోపీ కూడా దించుకోలేదు. దించుకోనక్కర్లేదని అప్పటికి తెలిసిపోయింది. ఈ దేశంలో అధ్యక్షుడి ముఖం ఎరగనివాడుంటాడేమో కానీ మిస్టర్ బటన్ మీసం ఎరగనివాడు లేడు. ఆ మీసం వెనకాల ఎవడున్నాడో ఎవడిక్కావాలి? మనిషి ముఖాన్ని దాచిపెట్టి మీసాన్ని అమ్ముకోవడంలో ఇదే లాభం.

మనుషుల్ని ఏరే అసిస్టెంటు కేకలేసే బూర చేత్తో పట్టుకుని వచ్చి వరసంతా చూశాడు.

"నువ్వు, ఆ ఏడుపుమొహం. ఎప్పుడైనా సూప్ పళ్లెం మోశావా?"

"మోశాను."

"పడటం వచ్చా?"

"ఏదో, కొంచెం."

"వచ్చినా పడకు. ఇక్కడ నవ్వించడం మిస్టర్ బటన్ పని. నువ్వు సర్వర్‌వి. పళ్లెం పట్టుకుని నిలబడు, అది చాలు నీ బతుక్కి."

లోపల ఇచ్చిన సర్వర్ చొక్కాకి మెడదగ్గర గుండీ లేదు. లెమ్ మెడలో దారానికి వేలాడే తుప్పుపట్టిన తాళంచెవి బయటికి కనపడుతోంది. దాన్ని లోపలికి తోసుకున్నాడు. స్టూడియోలో అందరికీ ఆ తాళంచెవి తెలుసు. ఏ గదిదయ్యా అంటే, అదృష్టం కోసం అంటాడు. అంతకంటే ఎవడూ రాబట్టలేకపోయాడు.

హోటల్ సెట్టు పైకప్పు లేకుండా ఎండలో ఉంది. పైన తెల్లగుడ్డలు తాళ్లతో లాగి కట్టారు. పక్కన రెండడుగుల్లో ఇంకో సెట్టు, అక్కడ వడ్రంగులు మేకులు దిగ్గొడుతున్నారు. మూకీకి చప్పుడు అడ్డమా? కెమెరా ముందు ఎవడేం మాట్లాడుకున్నా అడిగేవాడు లేడు. శోభనం సీనులో బాకీల గురించి పోట్లాడుకున్నవాళ్లను నేనెరుగుదును.

క్రెట్జర్ మంగలికుర్చీలో కూర్చుని ఉడికించిన గుడ్డు ఒలుచుకుంటున్నాడు. షూటింగంతా ఆ కుర్చీలోనే నడిపిస్తాడు. నడుం నొప్పట. మా నడుములు ఎన్ని విరిచినా నొప్పిమాత్రం ఆయనకే.

బల్ల దగ్గర మిస్టర్ బటన్ కూర్చున్నాడు. కోటు లెమ్‌దే, మోచేతి దగ్గర లెమ్ కుట్టుకున్న కుట్టుతో సహా. మీసం పైన కళ్లు కొత్తవి. వయసు చిన్నది. పక్కన మిసెస్ బటన్‌గా విన్నీ డూలన్. నాలుగేళ్లుగా లెమ్‌ను తెరమీద గొడుగులతో, కోళ్లతో, అట్లకాడలతో కొట్టిన ఇల్లాలు ఆవిడే.

"తిప్పు," అన్నాడు క్రెట్జర్. కెమెరా పిడి తిరిగింది. "విన్నీ, సంచీతో కొట్టు. పెళ్లయి పదేళ్లయినట్టు కొట్టు."

విన్నీ కొట్టింది. కొడుతూనే విసనకర్ర నోటికడ్డం పెట్టుకుని, సర్వర్ వైపు తల కూడా తిప్పకుండా అంది.

"ఏం మొగుడా, వడ్డనలోకి దిగావా?"

"ఎట్లా కనిపెట్టావు?"

"నీ నడకని నాలుగేళ్లు తరిమినదాన్ని. ఆ మాత్రం తెలీదా?"

"వీడెవడు?"

"జూడ్ అంటున్నారు. ఇంటిపేరు అడిగితే నేలచూపులు చూస్తాడు. మర్యాదస్తుడే. సంచీ గట్టిగా తగిలితే ‘మీ చెయ్యి నొప్పి పుట్టలేదు కదా’ అంటాడు. నువ్వెప్పుడైనా అడిగావా?"

"నువ్వెందుకొచ్చావు పనికి?"

"మా అమ్మ అన్నం తింటోంది కనక." సంచీ మళ్లీ జూడ్ నెత్తిన పడింది. "నువ్వు బొత్తాం తీసేస్తే వీరుడివి. నేను టోపీ తీసేస్తే బజార్న పడతాను. ఇంతకీ ఏం చెయ్యబోతున్నావు?"

"మీసం పీకుతా. అందరూ చూస్తుండగా, కెమెరా తిరుగుతుండగానే."

"పీక్కో. సూప్ మాత్రం నామీద పొయ్యకు. ఈ గౌను కంపెనీది కాదు, నాది."

లెమ్ ఆలోచన అంతే. బొత్తాం వెనకాల ఉన్నవాడు దొంగ బటన్ అని అక్కడున్న ఎక్స్‌ట్రాలందరికీ తెలియాలి. తెలిస్తే కొందరైనా పని ఆపి పళ్లేలు కిందపెడతారు. పెట్టకపోతే ఒల్లీ తుంటి అట్లాగే కుళ్లిపోతుంది, తన ముఖం వీడికి అతుక్కుపోతుంది. ఇక అది ఊడదు.

"సర్వర్, సూప్," అని బూరలోంచి కేక.

లెమ్ సూప్ ఒలికించాడు. జూడ్ లేచాడు. నేలమీద ముందే పోసి ఉంచిన సబ్బునీళ్ల మీద కాలేశాడు. లెమ్ చెయ్యి మీసం మీదికి వెళ్లింది. అప్పుడే జూడ్ పడ్డాడు.

ఎడమచెయ్యి జెండాలా లేచింది. సరేలే, అనుకున్నాడు లెమ్. చెయ్యెత్తడం బొమ్మ చూసి ఎవడైనా నేర్చుకుంటాడు. చూసేవాళ్లకు తెలియనిది వేరే ఉంది. లెమ్ ఎడమచెయ్యికి ఏ జబ్బూ లేదు. అన్న ఫిన్ దగ్గర పడటం నేర్చుకున్నాడు. ఫిన్‌కు చిన్నప్పుడే ఎడమ మోచెయ్యి విరిగి వంగకుండా పోయింది. వంగని చెయ్యి నేలకి తగిలితే మళ్లీ విరుగుతుందని ఫిన్ దాన్ని పైకెత్తి పడేవాడు. తమ్ముడు అన్న అవిటితనంతో సహా నేర్చుకున్నాడు. దేశం దానికి నవ్వింది.

వీపు నేలకి తగలబోయే క్షణంలో జూడ్ మీసం లోపల్నుంచి ఒక మాట వచ్చింది. మెల్లిగా, వినయంగా.

"తప్పయిపోయింది, మిసెస్ క్రౌలీ."

లెమ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పడేవాళ్లకు బాగా తెలిసిన కిటుకొకటుంది. నేల తగిలేటప్పుడు ఒంట్లో ఊపిరి ఉండకూడదు. ఊపిరి బిగబట్టి పడితే పక్కటెముకలు పటపటమంటాయి. అందుకని పడుతూ ఏదో ఒక మాట అంటారు, గాలంతా బయటికి పోవడానికి. ఒక్కొక్క కుటుంబానిది ఒక్కొక్క మాట. కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, ఎక్కువమంది బూతులే తలుచుకుంటారు. హాగర్టీ అన్నదమ్ములు బోస్టన్‌లో మేడమీద గదిలో పడటం సాధన చేసేవాళ్లు. కిందింటి మిసెస్ క్రౌలీ చీపురుకర్రతో పైకప్పు పొడిచేది. పడ్డప్పుడల్లా ఫిన్ నేలలోకి నోరుపెట్టి క్షమాపణ చెప్పేవాడు. అదే వాళ్ల మాటయింది.

ఆ మాట బొమ్మ చూసి నేర్చుకోవడం ఎవడి తరమూ కాదు. మూకీకి నోరు లేదు. పెదాలు చూసి పోల్చుకుందామంటే మీసం అడ్డం. ఈ లోకంలో ఆ మాట ఇద్దరికే తెలుసు. ఒకడు లెమ్. రెండోవాడు పదేళ్ల కిందట శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో లాడ్జి కూలి దాని కింద ఉండిపోయాడు. ఆ తెల్లవారుజామున లెమ్ రొట్టె కొనడానికి వీధిలోకి వెళ్లి బతికాడు. కథ అట్లాగే చెబుతాడు ఎప్పుడూ.

"ఒరే సర్వరూ," అని క్రెట్జర్ కసిరాడు, "ఏం చూస్తున్నావు, దెయ్యాన్నా? ఆ చెయ్యేమిటి, గాలికి షేక్‌హ్యాండ్ ఇస్తున్నావా? మళ్లీ తియ్యండి. ఎండ పోతోంది."

మళ్లీ తీశారు. ఈసారి మీసం సంగతి లెమ్‌కు గుర్తు కూడా లేదు. చెవి ఒక్కటే గుర్తుంది. విన్నీ ఏదో అంది, వినపడలేదు. సూప్ ఒలికింది. జూడ్ లేచాడు, జారాడు.

"తప్పయిపోయింది, మిసెస్ క్రౌలీ."

అప్పుడు లెమ్ ఏం చేశాడో తనకే తెలిసినట్టు లేదు. పళ్లెం వదిలేశాడు. ఆ సబ్బునీళ్ల మీదికే కాలు విసిరాడు. సర్వర్ బట్టల్లో, బోడిముఖంతో, జూడ్ పక్కనే వెల్లకిలా పడ్డాడు. ఎడమచెయ్యి లేచింది. రెండు జెండాలు పక్కపక్కన.

"తప్పయిపోయింది, మిసెస్ క్రౌలీ," అన్నాడు గట్టిగా.

కిందపడి ఉన్న జూడ్ తల తిప్పి చూశాడు. మీసం పైన ఆ కళ్లు పళ్లేలంతయ్యాయి.

పక్క సెట్టులో సుత్తులు ఆగాయి. మొదట నవ్వింది ఒక వడ్రంగి. తర్వాత నవ్వు మధ్యలో తెగిపోయింది. ముఖం చూసి పోల్చుకోలేనివాళ్లు పడటం చూసి పోల్చుకున్నారు. "బటన్," అని ఎవరో అన్నారు. "ఆ సర్వర్. అదిగో, బటన్ అతనే."

క్రెట్జర్ కుర్చీ దిగాడు. చేతిలో గుడ్డు ఉంది.

"లెమ్, బాగా పడ్డావు. కోటు లేకుండా ఇంకా బాగా పడ్డావు."

"మీరు మాత్రం తక్కువా? ఒక్క బొత్తాంతో ఇద్దర్ని పడేశారు."

"తెలివిగా మాట్లాడకు, అది రాసేవాళ్ల పని. చూడు, మీసం కంపెనీది. కోటు కంపెనీది. పేరు కంపెనీది. నీదేముంది? వీపు. వీపులు నాకు గేటు బయట వరసకట్టి నిలబడతాయి."

లెమ్ వినడం లేదు. నేలమీద కూర్చునే జూడ్ చెయ్యి పట్టుకున్నాడు. "ఆ మాట ఎవరు చెప్పారు నీకు?"

జూడ్ నోరు విప్పబోయాడు.

"జూడ్," అన్నాడు క్రెట్జర్. గొంతు పెంచలేదు. లెమ్ ముఖం చూశాడు, జూడ్ ముఖం చూశాడు. సంగతేమిటో పూర్తిగా తెలియకపోయినా ఇక్కడ అమ్ముకోవడానికి సరుకొకటి ఉందని వాసన పట్టాడు. ఆ ముక్కు వల్లే యజమాని అయ్యాడు. "నోరు విప్పావో, మళ్లీ వచ్చిన చోటికే పోతావు. లెమ్, నీకేం కావాలో నాకర్థమైంది. రేపు పొద్దున వచ్చి కోటు తొడుక్కో. ఒల్లీ ఊసెత్తకు. తొడుక్కున్నాక వీడు నీకు ఎంతసేపైనా కబుర్లు చెబుతాడు. లేదంటే వీణ్ణి సాయంత్రం బండిలో ఎక్కడికో పంపిస్తాను. తర్వాత నువ్వు వెతుక్కో, దేశం పెద్దది."

ఎక్స్‌ట్రాలందరూ లెమ్‌నే చూస్తున్నారు. చూడరూ మరి. ఇట్లాంటి చోటే మనలో చాలామంది మెత్తబడతారు. యజమాని డబ్బు చూపిస్తే ఛీ అనగలం. మనసులో ఎక్కడ నొప్పో అక్కడ వేలు పెడితే ఛీ అనడం కష్టం.

లెమ్ లేచాడు. ప్యాంటు వెనక సబ్బునీళ్లు కారుతున్నాయి. సర్వర్ తువ్వాలు భుజం మీంచి తీసి బల్లమీద మడతపెట్టి పెట్టాడు.

"మా అన్న కోసం పదేళ్లు ఏడ్చాను," అన్నాడు. "ఇంకో ఏడాది ఏడవమంటే ఏడుస్తాను, అలవాటైపోయింది. ఒల్లీ తుంటికి ఏడాది టైం లేదు. ఖర్చు పెట్టుకుంటానని చెప్పండి."

"చెప్పను."

వెనకబల్ల దగ్గర లావుపాటి ఎక్స్‌ట్రా ఒకాయన, పెళ్లివిందు పెద్దమనిషి వేషం, టోపీ తీసి ధీమాగా కుర్చీలో కూలబడ్డాడు. అది విరగడానికి కోసిపెట్టిన కుర్చీ. విరిగింది. ఎవరూ నవ్వలేదు. ఆయన నేలమీదే కాళ్లు చాపుకుని, "నేనిక్కడే కూచుంటా," అన్నాడు. పక్కావిడ పళ్లెం కిందపెట్టింది. ఆ పక్కవాడూ పెట్టాడు. వడ్రంగులు సుత్తులు నడుముకి దోపుకున్నారు.

"విన్నీ," అన్నాడు క్రెట్జర్.

విన్నీ విసనకర్ర మడిచింది. తల్లి అన్నం సంగతి ఆవిడ కళ్లలో ఒక్క క్షణం కనపడింది. "నాకు తలనొప్పిగా ఉంది దొరా. పెళ్లయి పదేళ్లయింది కదా."

క్రెట్జర్ మనుషుల్ని చూడలేదు. పైకి చూశాడు. తెల్లగుడ్డల మీద యూకలిప్టస్ చెట్ల నీడ పాకుతోంది. మా పనికి దీపాలు లేవు, ఎండే దీపం. నీడ బల్లమీదికొస్తే ఇక ఆ రోజుకి షూటింగ్ లేదు. సెట్టు రేపు విప్పెయ్యాలి, దాని చోట్లో ఇంకొకటి లేస్తుంది. యజమానిని మేము ఒప్పించామని తర్వాత చాలామంది గొప్పలు చెప్పుకున్నారు కానీ, ఆ మధ్యాహ్నం సగం పని సూర్యుడు చేసిపెట్టాడు. మిగతా సగం కుర్చీ విరిగినా లేవని ఆ లావుపాటాయన చేశాడు.

"ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి," అన్నాడు క్రెట్జర్ గుమాస్తాతో. "బర్క్ నడిచేదాకా ఖర్చు మనదే అని చెప్పండి. విన్నారా అందరూ? ఇక లేవండి." గుడ్డు నోట్లో వేసుకుని లెమ్ వైపు తిరిగాడు. "గెలిచావు. సంతోషమేనా? బొత్తాం మాత్రం ఇక నీది కాదు. జూడ్‌ది. నీ ముఖం నువ్వు తీసుకుని బయటికి నడువు. దానికి గిరాకీ ఉందేమో ఎక్కడైనా చూసుకో."

లెమ్ నడిచాడు. దారిలో భుజాలు తట్టినవాళ్లున్నారు. గేటు దగ్గర కావలివాడు మాత్రం ఈసారి కర్ర తీసి పక్కన పెట్టాడు. "తెలీలేదయ్యా, ఏమనుకోకు. మా పిల్లలు నీ బొమ్మలకి చచ్చేట్టు నవ్వుతారు."

"ఇక వాడి బొమ్మలకి నవ్వమను," అన్నాడు లెమ్.

ట్రాము ఆగేచోట నిలబడ్డాడో లేదో వెనక అడుగుల చప్పుడు. పొడుగు కోటు ఎత్తిపట్టుకుని జూడ్ పరిగెత్తుకొస్తున్నాడు. బొత్తాం పొట్టమీద ఎగురుతోంది. మీసం చేతిలో ఉంది. జిగురు ఊడదీసిన చోట పై పెదవి ఎర్రగా కందిపోయింది.

"అన్నా, దీపాల కోసం సెట్టు మారుస్తున్నామని చెప్పొచ్చాను."

"మనకి దీపాల్లేవురా."

"ఆ తొందర్లో అదే నోటికొచ్చింది." ఊపిరి అందుకున్నాడు. "నాకు నేర్పింది ఫిన్ అనే ఆయన. ఫ్రెస్నో వెళ్లే దారిలో, ద్రాక్షతోటల మధ్య ఒక గడ్డికొట్టం ఉంది. అక్కడ."

లెమ్ పేవ్‌మెంటు మీద కూర్చుండిపోయాడు. "ఎడమ మోచెయ్యి?"

"వంగదు. ఇప్పుడు కాళ్లూ వంగవు. కుర్చీలో కూచునే నేర్పుతాడు."

"నేనున్నానని తెలుసా?"

"తెలీకేం? కొట్టం గోడకి నీ పోస్టరుంది. రోజూ పొద్దున మమ్మల్ని దాని ముందు నిలబెట్టి చెబుతాడు. ‘వీడు బాగానే పడతాడు. కాకపోతే గడ్డం పైకెత్తుతాడు. చిన్నప్పుడే చెప్పాను, వినలేదు’ అని."

లెమ్ చెయ్యి తెలియకుండానే గడ్డం మీదికి పోయింది. నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు సగంలో ఆగింది.

"మమ్మల్ని అంటే?"

జూడ్ తలదించుకున్నాడు. "నేనొక్కణ్ణే అనుకున్నావా? ఆ కొట్టం క్రెట్జర్‌ది. నేర్పేది ఎవరి అన్నో ఆయనకి తెలీదు, పోస్టరు చూసి నేర్పిస్తున్నాడనుకుంటాడు. అక్కడ కోట్లు కుడుతున్నారు. వెళ్లి చూడు, దండెం మీద మీసాలు ఆరుతుంటాయి."

ట్రాము వచ్చింది. ఆగింది. లెమ్ ఎక్కలేదు. అది గంట కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

తన చోట్లోకి మనుషుల్ని తయారుచేసి పంపిస్తున్నది తన అన్నే. బతికుండి. పోస్టరు గోడకి అంటించుకుని మరీ.

"నేను బతికున్నానని తెలిసి పదేళ్లలో ఒక్కసారైనా రాలేదేం? ఒక్క కబురైనా పంపలేదేం?"

"అదే నేనూ అడిగానన్నా. మొహం పోస్టరు వైపు తిప్పుకున్నాడు. నేను బండెక్కేటప్పుడు మాత్రం చొక్కా పట్టుకుని ఆపాడు. ‘ఎవడైనా నీ పక్కనే పడి, మిసెస్ క్రౌలీకి క్షమాపణ చెబితే, వాణ్ణి ఒక్కటడుగు’ అన్నాడు."

"ఏమని?"

జూడ్ చూపు లెమ్ మెడ దగ్గర ఆగింది. గుండీ లేని చొక్కాలోంచి దారం కనపడుతోంది.

"‘తాళంచెవి ఇంకా నీ దగ్గరే ఉందా’ అని."

లెమ్ గుప్పిట గుండె మీద బిగుసుకుంది. గుప్పిట్లో తుప్పు ఇనుము వేడిగా ఉంది. ఆ తెల్లవారుజామున రొట్టెకి వెళ్లడం నిజమే. లాడ్జిలో బూట్లెత్తుకుపోయే దొంగలున్నారని, నిద్రపోతున్న అన్నను లోపలే ఉంచి, తలుపుకి బయటినుంచి తాళం వేసి వెళ్లాడు. ఆ సంగతి లెమ్ ఈ భూమ్మీద ఎవ్వరికీ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసినవాడు ఒక్కడే, లోపలివైపు నిలబడి ఆ తలుపు బాదినవాడు.